రిలీవర్ రాలేదు

మూడూ పది. "రిలీవర్ రాలేదక్కా," అన్నాడు చిట్టిబాబు ఫోన్లో, ఇంకేదో అనబోయాడు, వెనకాల సైరన్ మోగింది, పెట్టేశాడు. పొద్దున ఆరింటి 'ఏ' షిఫ్ట్ రెండింటికి దిగి, రెండూ ముప్పావుకల్లా భిలాయి రిసాలిలో మా స్టీల్ ప్లాంట్ క్వార్టర్ గుమ్మం ముందు నిలబడాల్సిన మనిషి. నా సినిమాలో హీరో. హీరో అంటే జుట్టుకి పౌడర్ కొట్టి యాభై ఏళ్లవాడిగా చూపిస్తున్న తండ్రి పాత్ర. బయట మాత్రం ముప్పై ఏళ్ల క్రేన్ ఆపరేటర్, కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ని, అంటే మా వంటగదంత బకెట్‌ని, కొక్కేనికి తగిలించి ఉక్కు కరిగించే షాపు షెడ్డులో ఈ చివర్నుంచి ఆ చివరికి మోసుకెళ్లే ఉద్యోగం. రిలీవర్ రాలేదు. ఈ రెండు మాటలూ ఎన్నిసార్లు విన్నానో. ప్లాంట్ ఇళ్లల్లో పుట్టిన పిల్లలు అమ్మా నాన్నా తర్వాత నేర్చుకునే మాట ఇదే అనుకుంటాను. తర్వాతి షిఫ్ట్ మనిషి వచ్చి సీట్లో కూర్చునేదాకా ముందు షిఫ్ట్ మనిషి లేవకూడదు, వాడు రాకపోతే ఆ ఎనిమిది గంటలూ కూడా నీవే, ఇంట్లో పెళ్లయినా సరే, చావయినా సరే. కేకు మీరు కోసేసుకోండి, రిలీవర్ రాలేదు. స్కూల్‌కి అమ్మని తీసుకెళ్లు, రిలీవర్ రాలేదు. చర్చిలో క్రిస్మస్ నాటకంలో నేను దేవదూతనై అట్ట రెక్కలతో నిలబడి చూస్తే మూడో వరసలో అమ్మ పక్కన కుర్చీ ఖాళీ, రిలీవర్ రాలేదు. ఆ మాట మీద కడుపుమంటతోనే ఈ సినిమా మొదలుపెట్టాను, చివరి రోజు చివరి సీనుకి మళ్లీ అదే వచ్చి తగలాలా?

ఎండ ఎదురు బ్లాకు మేడ వైపు వాలుతోంది. జనవరి ఎండ ఎవరి కోసమూ ఆగదు, నాలుగుంబావు అయ్యేసరికి ఆ మేడ నీడ మా వాకిలి దాటి గోడెక్కేస్తుంది, ఆ తర్వాత మిగిలేది బూడిదరంగు వెలుగు. ఇన్నాళ్లూ ఈ గుమ్మంలో తీసినదంతా పచ్చటి ఎండలో ఉంది, చివరి సీను ఒక్కటి చీకటిగా ఉంటే చూసేవాళ్లు కరెంటు పోయిందనుకుంటారు. లైట్లు లేవు మా దగ్గర. ఉన్నది మా కెమెరామన్ మనోజ్‌కుమార్ పెళ్లిళ్లకి వాడే కెమెరా, ఎవరిదో బర్త్‌డే డెకరేషన్‌లో మిగిలిన రెండు థర్మోకోల్ షీట్లు, బూజుకర్రకి పాత చున్నీతో కట్టిన మైకు. ఆ మైకులోకి ఈ పదకొండు రోజుల్లో కుక్కర్ కూతలు, గూడ్సు బండి హారన్లు, పాతసామాన్ల కబాడీవాడి కేకలు అన్నీ వచ్చాయి, డైలాగులు తప్ప. మనోజ్ రేపు తెల్లారగానే ఉతై ఊళ్లో పెళ్లికి వెళ్లిపోతాడు, ఆ పైన వరసగా పెళ్లిళ్లే. అదైనా ఎలాగో సర్దుకోవచ్చు, ఇల్లు మాత్రం సర్దుకోలేం. రేపు పొద్దున పదింటికి నాన్న ఈ క్వార్టర్ తాళాలు అప్పజెప్పేయాలి. రిటైరయ్యాక ఇన్నాళ్లు ఉండనిచ్చారు, ఇక చాలన్నారు. సామాను భిలాయి-3లో మా తమ్ముడు డేవిడ్‌రాజ్ ఇంటికి చేరిపోయింది, షూటింగ్ కోసం ఆపిన ఒక మంచం, రెండు కుర్చీలు, గోడ మీద ప్రభువు కేలండర్ తప్ప. ఈ గుమ్మం నాది ఇవాళ సాయంత్రం దాకే. తండ్రి గుమ్మంలోకి వస్తాడు, కూతురు ఒక్క ప్రశ్న అడుగుతుంది, తండ్రి జవాబు చెబుతాడు, అంతే సీను. అది లేకపోతే ఇప్పటిదాకా తీసింది సినిమా కాదు. పెళ్లి వీడియో అంత కూడా కాదు, పెళ్లి వీడియోకైనా చివర్న అప్పగింతలుంటాయి.

"దీదీ, లైట్ జా రహీ హై," అన్నాడు మనోజ్, వెలుతురు పోతోందని, నాకు కళ్లు లేనట్టు. భిలాయిలో పుట్టి పెరిగినవాడు, వాళ్లమ్మతో తప్ప ఎవరితోనూ తెలుగు మాట్లాడడు. తెలుగు సినిమా తీస్తున్నాను, నా యూనిట్‌లో తెలుగు చదవగలిగింది నేనూ నాన్నా. నాకూ అది బడిలో వచ్చింది కాదు, అమ్మ ఒళ్లో కూర్చుని బైబిలు మీద వేలు పెట్టి నేర్చుకున్నది, అందుకే మొదట రాసిన డైలాగుల్లో తాగుబోతు కూడా "నీవు ఎక్కడనుండి వచ్చుచున్నావు" అన్నాడు, అందరూ పడీ పడీ నవ్వారు. తర్వాత అన్నీ మార్చి హిందీ అక్షరాల్లో రాసిచ్చాను. కూతురు వేషం వేస్తున్న అమ్ము గుమ్మంలో కూర్చుని ఆ కాగితమే ఫోన్ కింద పెట్టుకుంది. కాలేజీ పిల్ల, నా పాత్ర, పదిహేడేళ్ల నేను. ఆ వయసులో నాకంత ఓపిక ఉండేది కాదు, అదే దీని నటనలో లోపం, కోపం తెచ్చుకోమంటే చలేసినట్టు ముడుచుకుపోతుంది. అవతల జామచెట్టు కింద శంకరరావు బాబాయ్ ప్లేటులో అటుకుల పోహా తింటున్నాడు. ఆయనది తాగుబోతు వేషం. మాసిన లుంగీ, కళ్ల కింద బామ్ రాసుకుని ఎర్రబరుచుకున్న కళ్లు, జీవితంలో చుక్క ముట్టని మనిషి. ఈయనా క్రేన్ ఆపరేటరే, చిట్టిబాబుదీ ఈయనదీ ఒకే షాపు, వాణ్ణి వెతికి తెచ్చింది ఈయనే. ఒక చిన్న షాట్ మిగిలి మూడు లోపల రమ్మంటే ఇవాళ ఒంటిగంటన్నరకే వేషంతో సహా వచ్చి కూర్చున్నాడు. ఈ పదకొండు రోజుల్లో చెప్పిన టైముకి ముందు వచ్చిన ఏకైక మనిషి. ఆయన్ని చూస్తే నాకు కాస్త ధైర్యంగా ఉంది.

నాన్నని చూస్తే మాత్రం లేదు. రెండో కుర్చీలో కూర్చున్నాడు, పేరు కొర్నేలి, ముప్పై నాలుగేళ్లు అదే క్రేన్ మీద, ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని ఎవరో చెప్పేదాకా లేవకూడదన్నట్టు కూర్చుంటాడు. పదకొండు రోజులూ అలాగే చూశాడు. తన కథే తీస్తున్నామని తెలుసు. బాగుందనలేదు, బాగోలేదనలేదు. తాగుబోతు సీను మా వీధిలో తీసిన రోజు మాత్రం గుమ్మంలో నిలబడి చివరిదాకా చూసి, లోపలికెళ్లి అందరికీ టీ పెట్టాడు. ఏమన్నా అంటే బాగుండును. ఆయన మీద సినిమా తీయడమంటేనే ఆయన్ని అడగడం, పదహారేళ్ల కింద అడిగి జవాబు రాని ప్రశ్నని ఈసారి కెమెరా పెట్టుకుని అడగడం. ఇది ఆయనకి అర్థమైందో లేదో కూడా నాకు తెలియదు, ఈ మనిషితో ఇదే చిక్కు.

ఆ రోజు తెల్లవారుజామునే అమ్మ గుండెల్లో బరువుగా ఉందంది. నాన్న ఏ షిఫ్ట్‌కి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, రెండింటికొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్తాను డైసీ, అన్నాడు. రెండింటికి. నేను బడి మానేశాను. పదకొండింటికి అమ్మ కూర తరిగింది, పన్నెండింటికి పడుకుంటానంది, ఒంటిగంట దాటాక మంచినీళ్ల కోసం లేచి వంటింట్లో గోడకి జారిపోయింది, ముఖమంతా చెమట, నా పేరు సగమే అనగలిగింది. నేను చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తాను. పక్క లైనులో రామచంద్రరావు అంకుల్ అప్పుడే స్కూటర్ స్టార్ట్ చేశాడు, నీలం యూనిఫాం, డ్యూటీకి వెళ్తున్నాడు, నేను రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడిపోయాను. ఆయన ఎందుకని కూడా అడగలేదు. స్కూటర్ అక్కడే పడేశాడు, ఆటో పిలిచాడు, అమ్మని చంటిపిల్లలా ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు, ఆస్పత్రి వరండాలో సాయంత్రందాకా నా చెయ్యి వదల్లేదు. అయిదింటికి అమ్మ పోయింది. నాన్న ఏడు దాటాక వచ్చాడు, సేఫ్టీ షూ విప్పకుండా, ఉప్పు కట్టిన చొక్కాతో, ఈ గుమ్మంలోనే. "ఇప్పుడా వచ్చేది?" అన్నాను. రిలీవర్ రాలేదు, కబురు ఆరింటికి అందింది, అప్పుడు ఫోర్మన్ ఎవర్నో కూర్చోబెట్టాడు, అన్నాడు, షూ లేసులు విప్పుకోవడానికి వంగాడు. ఏ సంబంధమూ లేని మనిషి డ్యూటీ మానుకుని వచ్చాడు, కట్టుకున్నవాడు కుర్చీలోంచి లేవలేదు. ఆయన్ని అప్పుడు ఎంత అసహ్యించుకున్నానో ఈ సినిమా నిండా అదే తీశాను.

రాని రిలీవర్‌కి కారణం కావాలి కదా సినిమాలో. ప్లాంట్‌లో ఎవడు డ్యూటీకి రాకపోయినా సారా భట్టీలో తాగి పడుంటాడంటారు, నేనూ అదే రాసేశాను, రెండు రోజులు తీశాం, ఒకరోజు మా వీధిలో, ఒకరోజు కాలవగట్టు మీద, శంకరరావు బాబాయ్ అక్కడ పడి దొర్లితే చుట్టూ చేరిన జనం నిజమే అనుకుని నీళ్లు కొట్టారు. చిక్కంతా చివరి సీనుతోనే. తండ్రి ఏం చెప్పాలి? తొమ్మిది జవాబులు రాశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డానంటాడు ఒకదాంట్లో. క్షమించమ్మా అని ఏడుస్తాడు ఇంకోదాంట్లో. చదివిన ప్రతిసారీ ఎవరో ఊళ్లో లేని మనిషి మాట్లాడినట్టే ఉంది. పోనీ చిట్టిబాబు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాక, వాడి ముఖం చూసి అప్పుడు తేల్చుకుందామనుకున్నాను. ముఖం రావాలి కదా ముందు.

మూడూ నలభై అయిదు. నీడ రోడ్డు మధ్యకొచ్చింది. మళ్లీ ఫోన్ చేశాను, నాలుగోసారికి ఎత్తాడు.

"బేగి చెప్పక్కా, కింద లాడిల్ నింపుతున్నారు."

"చిట్టీ, ఎవరికైనా చెప్పి వచ్చేయ్. గంటలో మళ్లీ వెళ్లిపోదువుగాని. కడుపునొప్పని చెప్పు, ఏదో ఒకటి చెప్పు."

"ఎవుడికి చెప్పను? పైన నానొక్కడ్నే. కింద పదిమందున్నారు."

"ఇవాళ కాకపోతే సినిమా లేదు చిట్టీ. ఇల్లుండదు రేపు."

"తెల్సక్కా. పొద్దుట్నుంచి అదే బాధపడతన్నాను. కానీ సీటు ఒగ్గీలేను." పెట్టేశాడు.

సీటు ఒగ్గీలేను. అంతే. వదల్లేనన్నాడు, ఏడవలేదు, క్షమించమనలేదు, ఉద్యోగం పేరెత్తలేదు. నేను తొమ్మిది కాగితాలు నలిపింది ఈ ఒక్క ముక్క కోసమా? అది నచ్చిందని ఒప్పుకోవడానికి కూడా నాకు మనసొప్పలేదు, ఒళ్లు మండిపోయింది. కింద పదిమందుంటారు, ఎప్పుడూ ఉంటారు, వంటింట్లో గోడకి జారిపోయిన మనిషి ఒక్కతే ఉంటుంది, ఒక్కతే కాబట్టి లెక్కలోకి రాదు. ఇంత జరిగాక కూడా వాడిదే న్యాయంలా ఉంది, అందుకే ఇంకా మండుతోంది. "ఎవడో ఆ రాని వెధవ, వాడి ఇల్లు తెలిస్తే నేనే వెళ్లి జుట్టు పట్టుకుని లాక్కొచ్చి ఆ సీట్లో కూలేద్దును," అన్నాను గట్టిగా, వాకిలంతా వినపడేలా.

శంకరరావు బాబాయ్ స్పూను ఆగింది. "యెరోనికా, చిట్టిగాడు ఇయాల ఏ క్రేన్ మీదున్నాడమ్మా?"

"రెండో నంబరట."

ఆయన ప్లేటు కింద పెట్టాడు. లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. "రెండింటి కాడ్నుంచి ఆ క్రేన్ మీద బి షిఫ్ట్ నాదేనమ్మా," అన్నాడు. "నువ్వు మూడు లోపల రమ్మన్నావు కదా, ఒంట్లో బాగునేదని కబురెట్టీసేను. నాలుగు క్రేన్లున్నాయి, ఎవుడో ఒకడ్ని ఆపుతార్లే అనుకున్నాను గానీ, మనోడ్నే ఆపుతారని నాకేటి తెల్సు?"

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. అమ్ము మాత్రం నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. హీరోని రమ్మన్నది నేనే, హీరో లేచి రావాలంటే ఆ సీట్లో కూర్చోవలసినవాణ్ణి అంతకంటే ముందు రమ్మన్నదీ నేనే, టైముకి వచ్చాడని ఇందాకట్నుంచి మనసులో మెచ్చుకుంటున్నదీ నేనే. బొంబాయి నుంచి వచ్చినవాడెవడైనా ఈ పొరపాటు చేస్తే తెలియక చేశాడనుకోవచ్చు. ప్లాంట్ పిల్లని, రిలీవర్ మీదే సినిమా తీస్తున్నదాన్ని, ఇద్దర్నీ పిలిచే ముందు ఎవరి తర్వాత ఎవరని ఒక్క మాట అడగలేదు. బాబాయ్‌ని తిట్టడానికి నోరు తెరిచాను, కళ్ల కింద బామ్ కారుతుంటే ఆయనే తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఇప్పుడెళ్లినా ఎక్కనిస్తారు, ఫోర్మన్ నాలుగు తిడతాడు, అంతేకదా, అంటూ బట్టలు మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తాడు, యూనిఫాం ఎప్పుడూ స్కూటర్ డిక్కీలోనే ఉంటుందట. ఆయన వెళ్లి ఎక్కి, చిట్టిబాబు దిగి, గేటు దాటి వచ్చేసరికి అయిదున్నర. అప్పటికి ఎండా ఉండదు, సీనూ ఉండదు.

"పాపా," అన్నాడు నాన్న. నేను తిరగలేదు. "శంకర్రావునేం అనకు. నువ్వు పిలిస్తే వచ్చాడు. రామచంద్రరావూ అంతే కదా."

"ఆయనెందుకు ఇప్పుడు మధ్యలో?"

"నా రిలీవరు మరి."

వినపడింది, అర్థం కాలేదు. అర్థమయ్యాక మళ్లీ వినాలనిపించలేదు. రిలీవర్ రాలేదన్న మాట మాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు, రిలీవర్‌కి ఒక పేరుంటుందని, ఒక ఇల్లుంటుందని, అది పక్క లైనులోనే ఉండొచ్చని ఎవరూ చెప్పరు. నేనూ అడగలేదు. ఒంటిగంట దాటాక యూనిఫాంలో స్కూటర్ తీసిన మనిషి బి షిఫ్ట్‌కి కాక ఎక్కడికి వెళ్తాడు? వెళ్తున్నది మా నాన్నని ఇంటికి పంపడానికి. రెండింటికి వస్తానన్న మాట ఆ స్కూటర్ మీదే ఆధారపడి ఉంది. దాని ముందు చేతులు చాపి నిలబడింది నేను. ఇన్నాళ్లూ ఆ రోజు మొత్తంలో నేను చేసిన ఒక్క మంచి పని అదేననుకున్నాను, ఆయన్ని దేవుణ్ణి చేశాను, ఆయన ఖాళీ చేసిన సీట్లో నాన్నని కట్టేసింది ఎవరో తాగుబోతని రాసి, రెండు రోజులు తీసి, జనం నవ్వుతుంటే కట్ చెప్పాను. ఒక వైపు సిగ్గు, ఇంకో వైపు కోపం, కోపమే ముందొచ్చింది.

"చెప్పలేదేం?" అరిచాను. "తాగుబోతు సీను తీస్తుంటే అక్కడే నిలబడి చూశావు, అప్పుడైనా చెప్పొచ్చుగా!"

"సినిమా కదా అనుకున్నాను."

"మరి అప్పుడు? ఈ పదహారేళ్లు?"

నాన్న ఒళ్లో చేతుల్ని చూసుకున్నాడు. "చెప్తే ఏటవుద్ది? ఆయన్ని ఆపింది నువ్వేనని నీకు తెలిసిపోద్ది. పదిహేడేళ్ల పిల్లవి. ఆపకపోతే మీ అమ్మ ఆ వంటింట్లోనే ఒక్కతీ పోయేది, అదెవరు చెప్పినా నీ బుర్రకెక్కదు అప్పుడు." నా వైపు తలెత్తాడు. "కోపం నా మీదయితే ఇంట్లోనే ఉంటాది. నీ మీద నీకే అయితే మరెక్కడికెళ్తావు?"

పదహారేళ్లు. క్రిస్మస్‌కి ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసిన పదహారేళ్లు. ఆయన్ని చూడ్డానికి కాక తిట్టుకోవడానికే ఊరొచ్చిన రోజులు. ఈ పదకొండు రోజులూ తన పాత్రకి వేరేవాడు తలకి పౌడర్ కొట్టుకుంటుంటే అద్దం పట్టుకుని నిలబడ్డాడు. ముందే చెప్పి ఉంటే ఏం చేసేదాన్ని? ఆయన అన్నట్టే చేసేదాన్నేమో. ఆయన దగ్గరికి వెళ్లి కుర్చీ పక్కన కూర్చోవాలనుంది, కానీ ప్రేమొచ్చినప్పుడు ఏం చేయాలో ఈయన దగ్గర నాకు అలవాటు తప్పిపోయింది.

శంకరరావు బాబాయ్ బయటికొచ్చాడు. ముఖం కడుక్కున్నాడు, నీలం యూనిఫాం, పాంట్ కిందికి సేఫ్టీ షూ, స్కూటర్ స్టాండ్ తీసి రోడ్డు మీదికి దింపాడు. మేడ నీడ ఇంకా అంతా కప్పలేదు. రోడ్డు మీద ఒక పట్టీలా ఎండ మిగిలింది, ఆ స్కూటర్ సరిగ్గా దాంట్లో నిలబడింది. "దీదీ, క్యా ఫ్రేమ్ హై!" అన్నాడు మనోజ్, అప్పుడే కెమెరా భుజానికెత్తి. నాకూ కనపడింది. ఇంతవరకూ రాయలేకపోయిన సీను మొత్తం కనపడింది. తాగుబోతు లేడు, జవాబు చెప్పే తండ్రి లేడు. డ్యూటీకి వెళ్తున్న మనిషి, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చే పిల్ల, ఆగిన స్కూటర్. రెండు నిమిషాలు. ఒక్క టేక్. ఇది దొరికితే ఆ రెండు రోజుల అబద్ధం తీసి అవతల పారేయొచ్చు, మిగతాదంతా దీని చుట్టూ అతికించొచ్చు, సినిమా ఉంటుంది, ఇప్పటిదాకా ఉన్నదానికంటే మంచి సినిమా. "అమ్మూ, చెప్పులు విప్పు," అన్నాను. అంటూనే రోడ్డు మీదికి వెళ్లిపోయాను, స్కూటర్‌కి ఎదురుగా, ఎక్కడ నిలబడాలో అమ్ముకి చూపించడానికి చేతులు చాపి.

బాబాయ్ బ్రేకు నొక్కాడు. "ఏటమ్మా, ఏటైనా తియ్యాలా? చెప్పు, ఆగుతాను."

ఆగుతాడు. రెండు నిమిషాలంటే ఆగుతాడు, మైకులోకి గూడ్సు హారన్ వచ్చిందంటే ఇంకో రెండు నిమిషాలు ఆగుతాడు, అడిగితే రాత్రిదాకా ఆగుతాడు, ఈ ఊళ్లో నేను అడ్డం నిలబడితే ఆగని మనిషి లేడు. అక్కడ పైన చిట్టిబాబు పొద్దున ఆరింటి నుంచి కూర్చునే ఉన్నాడు. వాడు అన్నం తిన్నాడో లేదో, ఇంట్లో వాడి కోసం ఎవరు కూర్చున్నారో, ఎవరికైనా ఎన్ని గంటలకి వస్తానని చెప్పొచ్చాడో, ఈ పదకొండు రోజుల్లో ఒక్కసారీ అడగలేదు. మనోజ్ రోల్ అంటున్నాడు. అమ్ము చెప్పులు విప్పేసి గుమ్మంలో సిద్ధంగా ఉంది, మొదటిసారి దాని ముఖంలో నిజంగా కంగారు కనపడుతోంది.

"ఏం లేదు బాబాయ్," అన్నాను. "వెళ్లు. తొందరగా వెళ్లు."

నేను పక్కకి జరిగాను. స్కూటర్ వెళ్లిపోయింది. మనోజ్ హిందీలో ఏదో తిట్టి లెన్సుకి మూత పెట్టాడు, నాన్న కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వచ్చాడు, నేను మాత్రం స్కూటర్ మలుపు తిరిగేదాకా రోడ్డు పక్కన అలాగే నిలబడ్డాను.